ఐదు పంక్తుల మనిషి

మొన్న జగ్గయ్యపేటలో కంప్యూటరు షాపుకు వెళ్లాను. పాత దస్తావేజుల చేతిరాత ఈ కాలం వాళ్లకు కొరుకుడు పడదు. ఎవరో ఒకరు ఫొటోలు తీసి నాకు పంపుతుంటారు, నేను చదివి టైపు చేసి ఇస్తుంటాను. ఎనభై దగ్గర పడుతున్న ముసలాడికి అదొక కాలక్షేపం. ఈ మధ్య నా కంప్యూటరు మొండికేసింది. రెండు ఫొటోలు తెరిచి, పక్కన టైపు చేసే పేజీ పెడితే చాలు, తెర మీద చిన్న చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. దాంతోపాటు నేనూ కూర్చుంటాను.

షాపు నడిపే అమ్మాయి దాన్ని విప్పి చూసింది. "హార్డ్ డిస్కు సగం కూడా నిండలేదు తాతగారూ. ర్యామే తక్కువ. నాలుగు జీబీ ఉంది, ఇంకో నాలుగు వేద్దాం."

"సగం ఖాళీగా ఉందంటావు, మళ్లీ మెమరీ తక్కువంటావు. అదెట్టా అమ్మా?"

"అది దాచుకునే చోటండి. ఇది పని చేసుకునే చోటు. ఇందులో పట్టనప్పుడల్లా అక్కడ పెట్టడం, మళ్లీ అక్కణ్ణించి తెచ్చుకోవడం. మీకు కనపడే ఆలస్యమంతా ఆ తిరుగుడేనండి."

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్నమాట. సరే, వేసేదేదో బాగా వేగంగా ఉండేది వెయ్యమన్నాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "దండగండి. పాతదాని పక్కన పెడతాం కదా. రెండూ కలిసి నెమ్మదిదాని స్పీడుతోనే నడుస్తయ్యి. జోడీ కుదరాలి."

నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నానో తెలియక ఆ అమ్మాయి కూడా మర్యాదకు నవ్వింది. ఈ మాటలన్నీ అరవై ఏళ్ల కిందట నందిగామలో ఒకాయన నాకు చెప్పారు. ఆయన కంప్యూటరును చూడలేదు, దాని పేరు కూడా విని ఉండరు.

ఆయన పేరు రాయను. సంతకం పెట్టాల్సిన చోట తప్ప తన పేరు ఇంకెక్కడా కనపడటం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. కచేరీలో అందరం రైటరుగారు అనేవాళ్లం.

యాభైల చివర్లో నేను నందిగామ సబ్ రిజిస్ట్రారు కచేరీలో నకళ్లు రాసే పనికి కుదిరాను. తాత్కాలికపు పని. రేపటి నుంచి రావద్దంటే అంతే సంగతులు. అప్పటికి జిరాక్సు లేదు. రిజిస్టరయిన ప్రతి దస్తావేజునూ పెద్ద పుస్తకంలోకి చేత్తో ఎక్కించాలి. ఒకరు రాస్తారు. తరవాత ఒకరు అసలు దస్తావేజును పైకి చదువుతుంటే, ఇంకొకరు పుస్తకంలో వేలు పెట్టి సరిచూస్తారు. అడుగున మూడు సంతకాలు: రాసినది, చదివినది, సరిచూసినది. ఆ తరవాతే అసలు కాగితాన్ని సొంతదారుకు ఇచ్చేస్తారు. రేపు ఆ కాగితం చెదలు తిన్నా, గుడిసెతో పాటు కాలిపోయినా, మనిషికి మిగిలే ఆధారం మా పుస్తకం ఒక్కటే. సరిచూసే సంతకం రైటరుగారిది. తీరిక ఉంటే ఆయనా నకళ్లు రాసేవారు.

మొదటి రోజు ఆయన రాయడం చూసి ఆశ్చర్యపోయాను. దస్తావేజును ఒక్కసారి చూస్తారు. బోర్లా తిప్పి పెడతారు. ఇక దాని వంక చూడకుండా ఐదు పంక్తులు రాస్తారు. మళ్లీ తిప్పి చూస్తారు, మళ్లీ బోర్లా పెడతారు, మళ్లీ ఐదు. నేనేమో రెండు మాటలు చూసి రెండు మాటలు రాసేవాణ్ణి. గింజలు ఏరుకునే కోడిలాగా నా మెడ పొద్దస్తమానం ఆడుతూనే ఉండేది. చేతివేగంలో ఆయన కంటే నేనే రెండింతలు. అయినా సాయంత్రానికి ఆయనవి ఆరు దస్తావేజులు పూర్తయితే నావి నాలుగు.

"నీ చెయ్యి నాకంటే వేగం, ఒప్పుకుంటా," అన్నారు ఒకరోజు. "నీ మెడకే తీరిక లేదు. చూడ్డానికి పోవడం, రాయడానికి రావడం, దారిలోనే పొద్దు పోతంది నీకు."

"మీ అంత జ్ఞాపకశక్తి అందరికీ ఎట్టా వస్తదండీ?"

"జ్ఞాపకశక్తా?" అని ఆయన గట్టిగా నవ్వారు. "నిన్న రాసిన దాంట్లో ఒక్క ముక్క అడుగు, చెప్పలేను. బీరువా వేరు, బల్ల వేరు అబ్బాయ్. దాచేది బీరువాలో. పని జరిగేది బల్ల మీద. నా బల్ల మీద ఐదు పంక్తులు పడతయ్యి, అంతే."

కుర్రతనం కదా, నేనూ ఐదు పట్టాలని పట్టుబట్టాను. ఐదెందుకు, ఏడు పడదామనుకున్నాను. రెండో రోజే ఒకరి పొలంలో తుమ్మచెట్లను మామిడిచెట్లు చేసి పెట్టాను. ఆయన సరిచూస్తూ వేలు ఆపి, "తుమ్మలకు మామిడికాయలు కాయించావే!" అన్నారు. తరవాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష పెట్టారు. రెండు పంక్తులు చూపించి రాయించారు, తప్పు లేదు. మూడు, తప్పు లేదు. నాలుగింటికి ఒక మాట మారింది.

"నీది మూడు. మూడుతో బతుకు. తక్కువేం కాదు. పట్టని నాలుగోది పట్టిందని నటించావంటే ముందు ఎక్కించుకున్న మూడూ చెడతయ్యి."

మూడుతో బతకడం మొదలుపెట్టాక నెల తిరక్కుండా నేనూ రోజుకు ఆరు దస్తావేజులు దించసాగాను. చేతివేగం వీసమెత్తు పెరగలేదు. బల్ల కొలత తెలిసింది, అంతే.

ఐదు పంక్తులు తలలో ఉన్నంతసేపూ ఆయన ఎడమ అరచెయ్యి గాలిలో నిలిచి ఉండేది. అది లేచి ఉందంటే ఎవరూ పలకరించకూడదు. ఒకసారి జిల్లా నుంచి పెద్ద అధికారి తనిఖీకి వచ్చి ఆయన బల్ల ముందు నిలబడ్డారు. అందరం లేచాం. ఈయన లేవలేదు, అరచెయ్యి లేపి రాస్తూనే ఉన్నారు. మా సబ్ రిజిస్ట్రారుకు చెమటలు పట్టాయి. ఐదో పంక్తి చివర చుక్క పెట్టాక కుర్చీలోంచి లేచి, చేతులు జోడించి, "క్షమించాలి. మధ్యలో పలికితే మొత్తం పోతయ్యండి, మళ్లీ మొదటికి రావాల," అన్నారు. ఆ అధికారి తల ఊపి పక్క బల్లకు నడిచారు. కరెంటు పోతే ర్యాములో ఉన్నదంతా పోతుందని, డిస్కులో ఉన్నది మాత్రం ఉంటుందని మొన్న షాపులో విన్నప్పుడు నాకు ఆ అరచెయ్యే కళ్ల ముందు నిలిచింది.

సాయంత్రం కచేరీ మూసే ముందు తొట్టి దగ్గర సిరా వేళ్లు కడుక్కునేవారు. దాంతో ఆ రోజు పని కూడా కడిగేసుకున్నట్టే. ఒకసారి రెడ్డిగూడెం నుంచి వచ్చిన ఆసామి ఒకాయన టీ కొట్టు దగ్గర పట్టుకుని, పొద్దున ఫలానావారు రాయించిన దస్తావేజులో ఏముందో కూపీ లాగబోయాడు. "కడిగేశానండి," అన్నారు రైటరుగారు. అతను దాపరికం అనుకున్నాడు. నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ ఆయనకు నిజంగానే గుర్తుండేది కాదు. గొడుగు మరిచిపోని వానాకాలం లేదు. సంతకు పంపేటప్పుడు వాళ్లావిడ మూడు వస్తువులకు మించి చెప్పేది కాదు. నాలుగోది చెబితే ఆయన దేనికో వెళ్లి దేనితోనో వచ్చేవారు. ఊరంతా మాత్రం ఆయనది ఏకసంథాగ్రాహి బుర్ర అని, రాసిందేదీ మరిచిపోరని చెప్పుకునేది. ఆయన కాదంటే వినయం అనుకునేవాళ్లు.

చదివి సరిచూడటంలో ఆయనకు రెండు నియమాలు ఉండేవి. ఒకటి, చదివేవాడు వినేవాడి నడక నడవాలి. "ఒక ఎద్దు ఉరికితే బండి ముందుకు పోదు, కాడి విరుగుద్ది," అనేవారు. రెండోది, రాసినవాడు చదవకూడదు. పంక్తి చివర ఒకే మాట రెండుసార్లు వస్తే కన్ను మొదటి దాని మీద నుంచి రెండో దాని మీదకు దూకి, మధ్యలోది మింగేస్తుంది. నకళ్లు రాసేవాళ్లకే పట్టే జబ్బు అది. ఒకసారి జారిన కన్ను మళ్లీ అక్కడే జారుతుంది కాబట్టి చదవడానికి కొత్త కన్ను కావాలి. ఇది కచేరీ రూలు కాదు, ఆయన పెట్టుకున్నది.

ఆ నియమాలు రెండూ ఒక్క రోజునే నేను చెడగొట్టాను.

తనిఖీ వస్తుందని కబురొచ్చింది. చదివే గుమాస్తాకు జ్వరం. పదకొండు దస్తావేజులు పేరుకున్నాయి, అన్నీ నేను రాసినవే. నేనే చదువుతానన్నాను. ఆయన వద్దన్నారు. మధ్యాహ్నం దాకా చూసి, సబ్ రిజిస్ట్రారు రెండుసార్లు కేకలేశాక, ఇష్టం లేకుండానే సరేనన్నారు. ఎనిమిదో దస్తావేజుకు వచ్చేసరికి నేను గుక్క తిప్పుకోకుండా చదువుతున్నాను. ఒకచోట ఆయన ఎడమ అరచెయ్యి లేచింది. చూశాను. ఆగలేదు. ఆగితే మళ్లీ వెనక్కు పోవాలి, పొద్దు వాలుతోంది. కాసేపటికి ఆ చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. అడుగున ముగ్గురి చోట రెండు సంతకాలు నావి, ఒకటి ఆయనది.

నాలుగేళ్లు గడిచాయి. ఒక ఉదయం చిల్లకల్లు వైపు పల్లె నుంచి ఒక బడిపంతులు వచ్చారు. ప్యూను ఆయన్ని గడప దగ్గరే నిలబెట్టాడు. రైటరుగారు చూసి, "లోపలికి రండి మాస్టారూ, కూర్చోండి," అని తన ఎదుటి కుర్చీ చూపించారు. మాలపల్లె నుంచి వచ్చిన మనిషికి మా కచేరీలో కుర్చీ వేయడం నేను చూసింది అదే మొదలు.

మాస్టారి తండ్రి జీవితమంతా కూలి చేసి, ఆఖర్లో ఎకరం మెట్టచేను కొన్నాడు. ఎండాకాలం గుడిసెలు అంటుకున్నప్పుడు దస్తావేజు కాలిపోయింది. చేనికి తూర్పునా దక్షిణానా ఉన్నది ఒకే ఆసామి పొలం. రస్తా మీంచి చేనికి పోయే బండిదారికి ఆ ఆసామి కొడుకు ఇప్పుడు కంప కొట్టించాడు. దారి హక్కు ఉందంటే పుస్తకం చూపించమన్నాడట.

పుస్తకం తీశాం. మాస్టారు హద్దులు వేలితో చూసుకుంటూ చదివారు. మళ్లీ చదివారు. "అయ్యా, దక్షిణం ఏదండీ?"

తూర్పు "చేను గట్టు వరకు" అని ముగిసింది. వెంటనే పడమర. మధ్యలో దక్షిణం లేదు. అదీ "చేను గట్టు వరకు" అనే ముగిసి ఉండాలి. బండిదారి ఆ పంక్తిలోనే ఉంది.

"చేలో మిరపకాయ పండిందండి," అన్నారు మాస్టారు. "బండి పోకపోతే నెత్తిన ఎన్ని బస్తాలని మోస్తాం? దారి పోతే చేను ఉన్నా లేనట్టే. చివరికి వాళ్లకే అమ్ముకోవాల. మా నాయన బతుకంతా ఆ ఎకరమేనండి."

రైటరుగారు మూడు సంతకాల వంకా చూశారు. నా వంక చూడలేదు. దస్తావేజు ఎవరు రాసిందని అడిగారు. జగ్గయ్యపేటలో ఉండే లేఖరి, చనిపోయాడు. ఆ ఆదివారం రైటరుగారు బస్సెక్కి ఆ లేఖరి ఇంటికి వెళ్లారు. దస్తావేజులు రాసేవాళ్లు చిత్తుప్రతులు పారేయరు. ఆయన భార్య రెండు ట్రంకుపెట్టెలు తెరిచి పెట్టింది. మొదటి ఆదివారం దొరకలేదు, రెండో ఆదివారం దొరకలేదు. తోడు వస్తానని నేను అనలేదు. మూడో ఆదివారం దొరికింది. "దక్షిణం: రస్తా నుండి ఈ చేనికి బండి నడుచు దారి, దానిని ఆనుకుని ఉన్న చేను గట్టు వరకు."

అయితే సంతకం లేని చిత్తుకాగితం ఒక్కటే కోర్టులో నిలవదని మాస్టారి ప్లీడరు చెప్పాడట. పుస్తకమే తప్పని, దాన్ని సరిచూసిన మనిషి బోనెక్కి ఒప్పుకోవాలి. రైటరుగారికి రిటైరు కావడానికి అప్పటికి ఏడాదిన్నర ఉంది. ఒప్పుకున్నారు.

నందిగామ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. నాకు పెళ్లయి ఆరు నెలలు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కాగితాలు పైకి వెళ్లి ఉన్నాయి. నా పేరు ఎప్పుడు పిలుస్తారోనని బంట్రోతు వంకే చూస్తున్నాను.

అవతలి ప్లీడరు లేచాడు. "ఈ దస్తావేజు మీకు జ్ఞాపకం ఉందా?"

"లేదండి."

హాల్లో గుసగుసలు లేచాయి. మాస్టారి ముఖం పాలిపోయింది. ఉందని ఒక్కమాట అంటే నందిగామ మొత్తం నమ్మేది. ఏకసంథాగ్రాహి కదా ఆయన! ఆ పేరును ఒక మంచిపనికి వాడుకుంటే తప్పేమిటని నాకే అనిపించింది.

"జ్ఞాపకమే లేదంటున్నారు. ఒక పంక్తి పోయిందని ఎట్లా చెబుతున్నారు?"

"పుస్తకంలో మూడు దిక్కులే ఉన్నయ్యండి. పొలానికి నాలుగుంటయ్యి. ఆ రోజు మూడే నా చెవిన పడి ఉండాల. నేను ఆపాల్సింది."

"అంటే చదివినవాడు సరిగా చదవలేదన్నమాట. తప్పు అతనిది కదా?"

నేను కళ్లు మూసుకున్నాను.

"చదివేవాడు ఎంత వేగంగానైనా చదవొచ్చండి. ఆపే అధికారం సరిచూసేవాడిది. నాకు పట్టేదాని కంటే ఎక్కువ పడతంటే పట్టినట్టు వేలు జరుపుకుంటా పోయి ఉంటాను. నమ్మి పుస్తకంలో సంతకం పెట్టాను. తప్పు నాది."

అవతలి ప్లీడరు కూర్చున్నాడు. జ్ఞాపకం లేదని ముందే ఒప్పుకున్న మనిషి చెప్పిన మాట అబద్ధం అని ఎవరు అనగలరు? నన్ను పిలవలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు కలిగింది సిగ్గు కాదు, సంతోషం. సిగ్గు ఇంటికి పోయాక కలిగింది, ఇప్పటికీ పోలేదు.

మాస్టారికి దారి వచ్చింది. కంప తీయించారు. రైటరుగారిని పుస్తకాల దగ్గర నుంచి తప్పించి, కవర్ల మీద చిరునామాలు రాసే సీటులో వేశారు. ముప్పై ఏళ్లుగా సరిచూసిన పుస్తకాలను ఆయన మళ్లీ ముట్టుకోకూడదని ఉత్తర్వు. చిరునామాలు కూడా ఆయన అదే శ్రద్ధతో రాశారు. ఒక్కసారి చూడటం, బోర్లా పెట్టడం, రాయడం. ఎదురుపడినప్పుడల్లా, "ఏమోయ్, ఇంట్లో కులాసానా?" అని మామూలుగానే అడిగేవారు. నేను, "ఆఁ, బాగున్నామండీ," అని తల దించుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఏడాదిన్నర అలాగే గడిపి రిటైరయ్యారు. నాకు ఉద్యోగం పర్మనెంటయింది, జగ్గయ్యపేటకు బదిలీ కూడా అయింది. అరవైల ఆఖర్లో ఆయన పోయారు. దినానికి వెళ్లి ఒక మూల కూర్చుని వచ్చాను.

నెల తరవాత జగ్గయ్యపేట బస్టాండులో ఆ మాస్టారు కనిపించారు. రైటరుగారి సంగతి ఆయనకు అప్పటికే తెలుసు. నన్ను పక్కకు పిలిచి, "మీకో మాట చెప్పాలండి," అన్నారు. "తను ఉండగా చెప్పొద్దన్నారు. ఇప్పుడు లేరు కాబట్టి చెబుతున్నా. సాక్ష్యానికి వచ్చేముందు ఆయన మా దగ్గర మాట తీసుకున్నారండి. మిమ్మల్ని బోనెక్కించకూడదని. మా ప్లీడరుగారి చేత కూడా మాట ఇప్పించుకున్నాకే వచ్చారు."

నేను చేతిలోని సంచీ కింద పెట్టాను.

"'ఎందుకండీ, రాసిందీ చదివిందీ ఆ గుమాస్తాగారే కదా,' అన్నాను. ఏమనుకోవద్దు, అప్పటికి నాకు మీ మీద కోపంగానే ఉంది. దానికాయన, 'ఆ అబ్బాయి చెయ్యి మంచిది మాస్టారూ. ఇంకా ముప్పై ఏళ్లు రాయాల్సిన చెయ్యి. ఇప్పుడు బెదరగొడితే ఇక ఎందుకూ పనికిరాకుండా పోద్ది. నాది ఎట్టాగూ అయిపోవచ్చింది,' అన్నారండి."

చిల్లకల్లు బస్సు వచ్చింది. మాస్టారు నమస్కారం పెట్టి ఎక్కారు. తిరిగి నమస్కారం పెట్టాలన్న ధ్యాస కూడా లేకుండా నేను ఆ జనంలో నిలబడి ఏడ్చాను. నా చెయ్యి మంచిదని ఆయన నాతో ఒక్కనాడూ అనలేదు. ఆ రోజు మీ చెయ్యి లేవడం చూశానని, చూసి కూడా ఆగలేదని, నేనూ ఆయనతో ఒక్కనాడూ అనలేదు.